లైసెన్స్ లేని బావమరిది కారు నడిపి యాక్సిడెంట్ చేస్తే ఇన్సూరెన్స్ వస్తుందా?

మీరు రాసింది పెద్దగా ఉంది కాబట్టి ముందు నాకు అర్థమైంది చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. కారు మీ పేరు మీద ఉంది. ప్యాకేజీ పాలసీ, అంటే మనవాళ్లు కాంప్రహెన్సివ్ అంటారే అది, గడువులోనే ఉంది. మీ బావమరిదికి 22 ఏళ్లు, ఇప్పటివరకు లైసెన్స్ తీసుకోలేదు, ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకి ఇచ్చే లైసెన్స్ కూడా లేదు. కారు తీసుకెళ్లి ఒక బైక్‌ని గుద్దాడు. బైక్ మీదున్న అతనికి కాలు విరిగి ఆపరేషన్ అయింది, బావమరిదికి మణికట్టు విరిగింది, కారు ముందు భాగం పోయింది. మీ ప్రశ్నలు నాలుగు: బైక్ అతనికి ఇన్సూరెన్స్ కడుతుందా, కారు రిపేరు వస్తుందా, బైక్ అతనికీ లైసెన్స్ లేదట కాబట్టి అది మనకు కలిసొస్తుందా, "డ్రైవర్‌గా నీ పేరు చెప్పెయ్" అని తెలిసినవాళ్లు అంటున్నారు, చెప్పొచ్చా.

జవాబులు ఒకేసారి ఇచ్చేస్తాను, వివరం తర్వాత. బైక్ అతనికి డబ్బు వస్తుంది, చాలావరకు కంపెనీయే ముందు కడుతుంది, కానీ కట్టింది మీ దగ్గర తిరిగి వసూలు చేసుకోమని ట్రిబ్యునల్, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టు, చెప్పే అవకాశం మీ కేసులో బాగా ఎక్కువ. కారు రిపేరు మీ జేబులోంచే. బైక్ అతనికి లైసెన్స్ లేకపోవడం మీకు పెద్దగా పనికిరాదు. నాలుగోది మాత్రం చేయొద్దు, దయచేసి, దాని గురించే నేను ఎక్కువ రాయబోతున్నాను.

నేను మొదట తొమ్మిదేళ్లు ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలో మోటార్ క్లెయిమ్స్ చూశాను, తర్వాత లాయరుగా యాక్సిడెంట్ ట్రిబ్యునల్ కేసులే చేస్తున్నాను, ఎక్కువగా బండి ఓనర్ల తరఫున. అంటే రెండు వైపుల కుర్చీల్లోనూ కూర్చున్నాను. నా దగ్గరికి వచ్చే ఓనర్లలో ఎక్కువమంది "ఇన్సూరెన్స్ ఉంది కదండీ, వాళ్లే చూసుకుంటారు" అనుకుని ఏళ్ల తరబడి పట్టించుకోకుండా, చివర్లో ఆస్తి జప్తు నోటీసు పట్టుకుని వచ్చినవాళ్లే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అసలు ఒక పాలసీ కాగితంలో రెండు వేరువేరు ఒప్పందాలు ఉంటాయని గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. ఒకటి థర్డ్ పార్టీ. ఇది మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 146 ప్రకారం ప్రతి బండికీ తప్పనిసరి. ఇది మీకోసం పెట్టింది కాదు, రోడ్డు మీద వెళ్లే మూడో మనిషి కోసం పెట్టింది. రెండోది ఓన్ డ్యామేజ్, మీ బండికి జరిగిన నష్టం. ఇది మీరు ఇష్టపడి డబ్బు కట్టి కొనుక్కున్నది, పూర్తిగా మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. లైసెన్స్ లేని డ్రైవర్ అనే ఒకే తప్పు ఈ రెండింటి మీదా రెండు రకాలుగా పడుతుంది. మీ పాలసీ షెడ్యూల్ తీసి చూడండి, "డ్రైవర్స్ క్లాజ్" అని ఒక పేరా ఉంటుంది, ప్రమాదం జరిగిన సమయానికి నడిపే మనిషి దగ్గర చెల్లే లైసెన్స్ ఉండాలి, అతను అనర్హుడై ఉండకూడదు అని. మీరు ఆ షరతు తప్పారు. ఇందులో వాదించేదేమీ లేదు.

థర్డ్ పార్టీ సంగతి చూద్దాం. లైసెన్స్ లేనివాడు నడిపాడన్నది కంపెనీ ట్రిబ్యునల్‌లో పెట్టుకోవడానికి చట్టమే ఒప్పుకున్న వాదన. పాత సెక్షన్ 149, 2019 సవరణ తర్వాత అది 150 అయింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పాత తీర్పులు చదివితే 149 అనే కనిపిస్తుంది, కంగారు పడకండి. కానీ ఈ వాదన పెట్టగానే కంపెనీ తప్పుకుని వెళ్లిపోతే ఆ కాలు విరిగినతను ఏం కావాలి? తనని గుద్దేవాడి దగ్గర లైసెన్స్ ఉందో లేదో చూసుకుని ఎవరూ రోడ్డు మీదికి రారు కదా. ఈ ముడి విప్పడానికి సుప్రీంకోర్టు చాలా ఏళ్లు తీసుకుంది. అందులో అందరూ చెప్పే తీర్పు 2004 జనవరిలో ముగ్గురు జడ్జీల బెంచ్ ఇచ్చిన నేషనల్ ఇన్సూరెన్స్ వర్సెస్ స్వరణ్ సింగ్. దాని సారం ఏమిటంటే, లైసెన్స్ లేదని చూపిస్తే చాలదు, ఓనరు తెలిసీ లేదా నిర్లక్ష్యంగా ఆ షరతు తప్పాడని కంపెనీయే రుజువు చేయాలి. అలా రుజువు చేసినా సరే, తగిన కేసుల్లో ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పొచ్చు. దీన్నే కోర్టుల్లో "పే అండ్ రికవరీ" అంటారు. ఈ రెండు మాటల్లో మొదటిది విని ఓనర్లు ఊపిరి పీల్చుకుంటారు, రెండోది సరిగ్గా వినరు.

రికవరీ అంటే ఎలా ఉంటుందో లెక్క కోసం ఒక ఉదాహరణ వేద్దాం. అవార్డు, అంటే ట్రిబ్యునల్ ఇమ్మన్న పరిహారం, 12 లక్షలు అనుకోండి, ఏడాదికి 7.5 శాతం వడ్డీ, పిటిషన్ వేసిన రోజు నుంచి, కేసు నాలుగేళ్లు నడిచింది. వడ్డీయే 3 లక్షల 60 వేలు, మొత్తం 15 లక్షల 60 వేలు. కంపెనీ అది డిపాజిట్ చేస్తుంది. తర్వాత మీ మీద కొత్తగా సివిల్ దావా వేయనక్కర్లేదు, అదే ట్రిబ్యునల్‌లో ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఈపీ), అంటే తీర్పు అమలు చేయించమనే పిటిషన్, వేస్తే చాలు అని 2004లోనే ఓరియంటల్ ఇన్సూరెన్స్ వర్సెస్ నంజప్పన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. బాధితుడికి డబ్బు విడుదల చేసే ముందే ఓనరు నుంచి సెక్యూరిటీ అడగొచ్చు, బండిని అటాచ్ చేయొచ్చు అని కూడా అందులో ఉంది. కంపెనీలు రికవరీ చేయవులే అని ఒక ప్రచారం ఉంది. పదేళ్ల కింద కొంత నిజమే, ఫైలు అటకెక్కేది. ఇప్పుడు నేను చూస్తున్నంతలో అలా లేదు, ఓనరు పేరు మీద స్థలమో జీతమో ఉందని తెలిస్తే ఈపీ పడుతుంది.

ఇప్పుడు మీ కేసులో అసలు ప్రశ్న. తాళం ఎవరు ఇచ్చారు?

మీరు ఒకచోట "తాళం టీవీ పక్కనే ఉంటుంది, తీసుకెళ్లాడు" అని రాశారు, కిందికి వచ్చేసరికి "బయల్దేరాక ఫోన్ చేసి చెప్పాడు, జాగ్రత్తగా వెళ్లమన్నాను" అని రాశారు. మీకు ఇవి రెండూ మామూలు వాక్యాలే, కానీ మీ కేసు బరువంతా వాటి మధ్యే ఉంది. ఓనరు తన చేతనైనంత జాగ్రత్త తీసుకున్నా, తనకు తెలియకుండా బండి వేరేవాడి చేతిలో పడితే ఓనరు షరతు తప్పినట్టు కాదు అని సుప్రీంకోర్టు 1987లో స్కాండియా కేసులో చెప్పింది. అందులో లారీ డ్రైవరు ఇంజన్ ఆపకుండానే దిగి ఏదో తినేది కొనుక్కోడానికి రోడ్డు దాటాడు, ఈలోపు లైసెన్స్ లేని క్లీనరు లారీ కదిలించాడు, ఒక మనిషి ప్రాణం పోయింది. ఓనరు లైసెన్స్ ఉన్న డ్రైవర్‌నే పెట్టుకున్నాడు, క్లీనర్‌ని నడపమనలేదు, కాబట్టి కంపెనీ తప్పించుకోలేదు. 1996లో సోహన్‌లాల్ పస్సీ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ కూడా దీన్ని సమర్థించింది. దీనికి ఎదురుగా 1997లో గియాన్ చంద్ కేసు ఉంది, అక్కడ లైసెన్స్ లేదని తెలిసీ బండి అప్పగించారు, కంపెనీ తప్పుకుంది. స్వరణ్ సింగ్ తీర్పు ఈ రెండు దారుల్నీ కలిపి చూసింది.

మీది ఎటు పడుతుంది? ఫోన్‌లో జాగ్రత్తగా వెళ్లమన్నారంటే తెలుసు, ఒప్పుకున్నారు. అతను మీ ఇంటివాడు, లైసెన్స్ లేదని మీకు తెలియదంటే జడ్జి నవ్వుతారు. పోనీ ఫోనే చేయలేదనుకుందాం, అప్పుడైనా గట్టున పడ్డట్టు కాదు. 2011లో జవహర్ సింగ్ వర్సెస్ బాలా జైన్ కేసులో ఒక మైనర్ చెప్పకుండా బైక్ తీసుకెళ్లి ప్రమాదం చేశాడని ఓనరు వాదించినా, ఓనరు నుంచి రికవరీ చేసుకోవచ్చనే తేలింది. ఇంట్లోవాళ్లకి అందేలా తాళం పెట్టి "నాకు తెలియదు" అంటే కోర్టులు అంత తేలిగ్గా నమ్మవు. అందుకే మొదట్లోనే అవకాశం బాగా ఎక్కువ అన్నాను.

ఒక చిన్న విషయం, దీన్ని ఎవరూ చెప్పరు. పోలీసులు మీ బావమరిది మీద లైసెన్స్ లేకుండా నడిపినందుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 3, దానితో కలిపి 181 పెడతారు. మీ మీద సెక్షన్ 180 పెట్టొచ్చు, అంటే లైసెన్స్ లేనివాడికి బండి ఇచ్చినందుకు. రెండింటికీ 2019 సవరణ తర్వాత 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. జనం ఏం చేస్తారంటే, ఐదు వేలే కదా, కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు అని 180 ఒప్పుకుని ఫైన్ కట్టేసి వస్తారు. రెండేళ్ల తర్వాత ట్రిబ్యునల్‌లో కంపెనీ లాయరు ఆ కాగితం సర్టిఫైడ్ కాపీ తీసి ముందు పెడతాడు. "ఓనరు తెలిసే ఇచ్చానని తానే ఒప్పుకున్నాడు." కంపెనీ రుజువు చేయాల్సిన భారమంతా మీరు ఐదు వేలకి దింపేశారన్నమాట. తప్పు ఒప్పుకోవద్దని నేను అనడం లేదు, మీరు నిజంగా ఇచ్చి ఉంటే ఇచ్చారు. కానీ ఆ సంతకం ఎంత ఖరీదు చేస్తుందో తెలిసి పెట్టండి, సొంత లాయర్‌ని అడగకుండా పెట్టకండి.

సొంత లాయరు అన్నాను కదా, అది కూడా వివరంగా చెప్పాలి. ట్రిబ్యునల్‌లో బైక్ అతను పిటిషన్ వేస్తే అందులో డ్రైవరు, ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురూ ప్రతివాదులు. మామూలు కేసుల్లో కంపెనీ లాయరు వాదించేది మీకూ పనికొస్తుంది, పిటిషనర్ అడిగిన మొత్తం తగ్గించడమే ఇద్దరి పని. కానీ లైసెన్స్ గొడవ ఉన్న కేసులో ఆ లాయరు మీ మనిషి కాదు, మీకు ఎదురు మనిషి. అతను ఆర్టీవో ఆఫీసు నుంచి మనిషిని సాక్షిగా పిలిపించి ఈ పేరు మీద లైసెన్స్ లేదని చెప్పిస్తాడు, ఛార్జ్‌షీట్‌ని సాక్ష్యంగా రికార్డులో పెట్టిస్తాడు. మీరేమో నోటీసు తీసుకుని, ఇన్సూరెన్స్ వాళ్లకి ఫార్వర్డ్ చేసి, ఇంట్లో కూర్చుంటారు. మిమ్మల్ని ఎక్స్‌పార్టే చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడిపేస్తారు. మీ వైపు కథ రికార్డులో ఒక్క ముక్క ఉండదు. 2018లో పప్పు వర్సెస్ వినోద్ కుమార్ లంబా కేసులో జరిగింది దాదాపు ఇదే, బండి నడిపినవాడికి చెల్లే లైసెన్స్ ఉందని ఓనరు చూపలేకపోయాడు, చివరికి కంపెనీ కట్టాలి, ఓనరు దగ్గర రాబట్టుకోవాలి. కాబట్టి నోటీసు వచ్చిన రోజే లాయర్‌తో వకాల్తా వేయించండి, కౌంటర్, అంటే మీ రాతపూర్వక జవాబు, వేయించండి. రికవరీ తప్పకపోయినా, అవార్డు మొత్తం తగ్గించడానికి పోరాడేవాడు మీ తరఫున ఒకడుండాలి, ఎందుకంటే చివరికి కట్టేది మీరే. అంగవైకల్యం ఎంత శాతం, అతని సంపాదన ఎంత, ఆస్పత్రి బిల్లుల్లో ఏవి అసలువి, ఇవి అడగాల్సిన ప్రశ్నలు.

కారు రిపేరు సంగతి రెండు ముక్కల్లో. స్వరణ్ సింగ్ తీర్పు చూపించి ఓన్ డ్యామేజ్ కూడా ఇప్పిస్తామని చెప్పేవాళ్లు ఉంటారు, నమ్మకండి. 2007లో నేషనల్ ఇన్సూరెన్స్ వర్సెస్ లక్ష్మీ నారాయణ్ ధుత్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, స్వరణ్ సింగ్ సూత్రం మూడో మనిషి కోసమే, సొంత బండి నష్టానికి వర్తించదు. సర్వేయర్ వస్తాడు, లైసెన్స్ కాపీ అడుగుతాడు, లేదంటే క్లెయిమ్ ఇవ్వం అని రెపుడియేషన్ లెటర్ వస్తుంది. దాని మీద ఇన్సూరెన్స్ ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, దారులు ఉన్నాయి, కానీ అసలు లైసెన్సే లేని కేసులో మీ టైము వృథా. ఆ డబ్బు లాయరుకి పెట్టుకోండి.

బావమరిది మణికట్టు కూడా అంతే. నడిపినవాడు మూడో మనిషి కాడు. మీ పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉండొచ్చు, అది ఓనర్ డ్రైవర్‌కి, అంటే మీకు, అదీ మీకు చెల్లే లైసెన్స్ ఉంటేనే. అతనికి విడిగా హెల్త్ పాలసీ ఉంటే అందులో షరతులు చూసుకోండి. కార్లో పక్కన ఎవరైనా కూర్చుని ఉన్నారా? మీరు రాయలేదు. ఉంటే, వాళ్లకీ దెబ్బ తగిలి ఉంటే చెప్పండి, ప్యాకేజీ పాలసీ అయితే కార్లో ఉన్నవాళ్ల సంగతి వేరు, ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే వేరు.

బైక్ అతనికి లైసెన్స్ లేదన్న విషయానికి వద్దాం. ఇది విన్నాక మీకు ప్రాణం లేచి వచ్చినట్టుంది, ఆ లైను కింద రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టారు. కానీ లైసెన్స్ లేకపోవడం ఒక తప్పు, ప్రమాదానికి కారణం కావడం వేరే తప్పు. అతను తన దారిలో తాను వెళ్తుంటే మీ కారు వచ్చి గుద్దితే, అతని జేబులో కార్డు ఉన్నా లేకపోయినా ప్రమాదం జరిగేదే. 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో బాధితుడు లైసెన్స్ లేని మైనర్, అయినా ఆ ఒక్క కారణంతో అతని వంతు తప్పు ఉందని అనలేం అని సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో దినేష్ కుమార్ కేసులో కూడా బాధితుడు లైసెన్స్ చూపించలేదని పరిహారంలో కోత పెట్టడాన్ని ఒప్పుకోలేదు. అతను ఎదురు రూట్లో వచ్చాడా, సడన్‌గా తిరిగాడా, అలాంటివి ఉంటే చెప్పండి, వాటికి విలువ ఉంది. పోలీసులు ప్రమాద స్థలంలో రాసే స్పాట్ పంచనామా, రఫ్ స్కెచ్ కాపీలు తీసుకోండి, బండ్లు ఎక్కడ ఆగాయో, బ్రేకు గీతలు ఎటు ఉన్నాయో అందులో ఉంటుంది. లైసెన్స్ లేనందుకు అతని మీద విడిగా జరిమానా పడుతుంది, అంతవరకే.

ఇక డ్రైవర్‌ని మార్చడం. మీకు సలహా ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఇది నలుగురూ చేసేదే అని వాళ్ల నమ్మకం. నేను కంపెనీలో ఉన్నప్పుడు ఇన్వెస్టిగేటర్లు తెచ్చే రిపోర్టులు చదవడమే నా పని, కాబట్టి ఎలా దొరుకుతారో చెప్తాను.

ఒక ఫైలు బాగా గుర్తుంది. తండ్రి పేరు మీద కారు, కొడుకు నడిపాడు, లైసెన్స్ లేదు. తండ్రి స్టేషన్‌కి వెళ్లి నేనే నడిపాను అన్నాడు, ఎఫ్ఐఆర్ అలాగే అయింది, క్లెయిమ్ ఫారంలోనూ అదే రాశాడు. అంతా సాఫీగా ఉంది. కానీ కొడుకుని ప్రమాదం జరిగిన గంటలోపే ఆస్పత్రికి తీసుకెళ్లారు, అక్కడ డ్యూటీ డాక్టరు ఎలా తగిలింది బాబూ అని అడిగితే ఆ పిల్లాడు నిజం చెప్పేశాడు, కారు నడుపుతుంటే తగిలింది అని. డాక్టరు మెడికో లీగల్ రిజిస్టర్‌లో అది రాశాడు. ఇన్వెస్టిగేటరు మొదట వెళ్లేది అక్కడికే. తండ్రికి ఒంటి మీద గీత కూడా లేదు, స్టీరింగు మాత్రం వంగి ఉంది. ఓన్ డ్యామేజ్ పోయింది, అది ఎలాగూ పోయేదే. కానీ ట్రిబ్యునల్‌లో ఆ తండ్రి ఆ తర్వాత ఏం చెప్పినా ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పి ఉంటే తాళం విషయంలో అతనికి కొంచెం మంచి వాదనే ఉండేది, కొడుకు నిజంగానే చెప్పకుండా తీసుకెళ్లాడు. ఆ వాదన చేతులారా పోగొట్టుకున్నాడు.

మీ కేసులో మీ బావమరిదికి మణికట్టు విరిగింది, ఆస్పత్రికి వెళ్లాడు. అక్కడ ఏం చెప్పాడో మీకు తెలుసా? పైగా ఫోన్ చేశాడు కదా, ఆ సమయానికి మీ ఫోను ఒక టవర్‌లో, అతని ఫోను ఇంకో టవర్‌లో. జంక్షన్ కెమెరాలు, చుట్టూ ఉన్న షాపుల కెమెరాలు, గుమిగూడిన జనం తీసిన వీడియోలు. బైక్ అతను కూడా చూశాడు, 22 ఏళ్ల కుర్రాడికీ మీకూ తేడా అతనికి తెలుస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు, క్రిమినల్ వైపు ఇంకో ఎత్తు. డ్రైవర్‌ని నేనే అంటే ర్యాష్ డ్రైవింగ్ కేసు మీ నెత్తిన పడుతుంది, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281, 125. ఆపరేషన్ అయినతనికి తర్వాత ఏమైనా తేడా వచ్చి ప్రాణం పోతే, అలా జరగకూడదని కోరుకుందాం, అది 106(1) అవుతుంది, ఐదేళ్ల వరకు శిక్ష. మీరు చేయని తప్పుకి. ఓనరుగా ఎవరు నడిపారో పోలీసులు అడిగితే నిజం చెప్పాల్సిన బాధ్యత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 133 కింద మీ మీద ఉంది, అబద్ధం చెప్తే అదొక విడి నేరం.

ఇప్పటికే అలా చెప్పేసి ఉంటే ఇక్కడ రాయకండి, రేపే లాయరు దగ్గరికి వెళ్లండి. ఛార్జ్‌షీట్ పడకముందు సరిదిద్దుకోవడం వేరు, పడ్డాక వేరు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కొంచెం పక్కకి వెళ్తాను, ఎందుకంటే "లైసెన్స్ లేదు" అన్న మాటలో చాలా రకాలు ఉన్నాయి, అన్నీ ఒకటి కాదు. ఎల్ఎల్ఆర్ ఉంటే అది లైసెన్సే, స్వరణ్ సింగ్‌లోనే చెప్పారు, కానీ పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి, బండికి ఎల్ బోర్డు ఉండాలి. డ్రైవర్ని పెట్టుకున్నారు, అతను ఇచ్చింది నకిలీ లైసెన్స్ అని తర్వాత తేలింది, అయితే ఓనరు ప్రతిదీ ఆర్టీవోకి వెళ్లి వెరిఫై చేయాల్సిన పని లేదు, చూడ్డానికి సరిగ్గా ఉండి డ్రైవింగ్ వచ్చని చూసుకుంటే చాలు అని 2003లో లెహ్రూ కేసు నుంచి 2022లో రిషిపాల్ సింగ్ కేసు దాకా చెప్తూనే ఉన్నారు. గడువు దాటిన లైసెన్స్ మాత్రం జనం అనుకునేంత చిన్న విషయం కాదు. ముందు గడువు ముగిశాక 30 రోజులు చెల్లేది, 2019 సవరణలో అది తీసేశారు. ఏడాదిలోపు రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు నిజమే, కానీ మధ్యలో నడిపితే ఆ రోజులకి లైసెన్స్ లేనట్టే లెక్క. 2020లో బేలీరామ్ కేసులో డ్రైవరు మూడేళ్లు రెన్యువల్ చేయించుకోకపోతే అది చూసుకోని ఓనరుదే తప్పన్నారు. మామూలు కారు లైసెన్స్‌తో ఆటో, చిన్న గూడ్స్ బండి నడపొచ్చా అన్న పాత గొడవ కూడా తేలిపోయింది, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండి అయితే నడపొచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ కారణంతో మీ క్లెయిమ్ ఆపితే ఊరుకోకండి. మైనర్‌కి బండి ఇవ్వడం అన్నిటికంటే దారుణం, 199ఏ కింద తల్లిదండ్రులకో ఓనరుకో మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

మళ్లీ మీ దగ్గరికి. ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, కంపెనీకి ప్రమాదం జరిగిందని ఇంకా చెప్పకపోతే ఇవాళే రాతపూర్వకంగా చెప్పండి, నిజం మాత్రమే రాయండి, డ్రైవర్ పేరు సహా. ఓన్ డ్యామేజ్ రాదని తెలిసి కూడా ఎందుకు చెప్పాలంటే, సమాచారం ఇవ్వలేదన్న ఇంకో సాకు థర్డ్ పార్టీ కేసులో వాళ్లకి అందకూడదు. మెయిల్ పంపండి, రసీదు నంబరు దాచుకోండి. ఎఫ్ఐఆర్, ఎంవీఐ (బండిని తనిఖీ చేసే మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, పంచనామా, ప్రమాదం రోజుకి చెల్లే పాలసీ కాపీ, ఆర్సీ, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టండి. కారు గ్యారేజీకి ఇచ్చే ముందు అన్ని వైపులా ఫొటోలు తీయండి, ఎంవీఐ చూడకముందు అసలు కదిలించకండి.

బైక్ అతని ఆస్పత్రి ఖర్చు గురించి ఒక మాట. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద ప్రమాద బాధితుడికి ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా చికిత్స అందుతుంది, జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లో. మీ కేసులో ఆ గడువు దాటిందో లేదో చూడండి, దాటకపోతే వాళ్లింట్లోవాళ్లకి చెప్పండి, చాలామందికి తెలియదు. వాళ్లతో మాట్లాడటానికి భయపడకండి. వెళ్లి చూసి రండి, బెదిరించడానికో కేసు వెనక్కి తీసుకోమనడానికో మాత్రం కాదు. మీరు ఏమైనా సాయం చేస్తే బ్యాంకు ద్వారా ఇవ్వండి, చేతికి ఇచ్చిన నగదుకి రేపు లెక్క ఉండదు, అవార్డులో తగ్గించమని అడగడానికీ వీలుండదు.

తెల్లకాగితం మీద "మేం రాజీ పడ్డాం, ఇక కేసు వేయం" అని రాయించుకోవడం వల్ల ఉపయోగం లేదు, అలాంటి కాగితం పట్టుకుని వచ్చినవాళ్ల మీద కూడా ఆ తర్వాత కేసు నడవడం నేను చూశాను. రాజీ చేసుకోవాలంటే పిటిషన్ పడ్డాక లోక్ అదాలత్‌లో చేసుకోండి. అక్కడ అవార్డుకి డిక్రీ, అంటే కోర్టు తీర్పుతో సమానమైన విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు, నాలుగేళ్ల వడ్డీ కూడా మిగులుతుంది. కానీ సంతకం పెట్టే ముందు కంపెనీ రికవరీ హక్కు వదులుకుంటోందా ఉంచుకుంటోందా అన్నది ఆ కాగితంలో ఏం రాశారో చదవండి. ఒకసారి నా క్లయింటు ఒకాయన సంతోషంగా సంతకం పెట్టి, కాఫీ తాగి వచ్చేలోపు చివరి పేజీలో ఆ లైను చూసి మొహం పాలిపోయింది.

వాళ్లు పిటిషన్ వేయడానికి చట్టంలో ప్రమాదం నుంచి ఆరు నెలల గడువు రాసి ఉంది, అది దాటిందని మీరు సంబరపడటానికి ఏమీ ఉండదు, ట్రిబ్యునళ్లు బాధితుడి వైపు ఉదారంగానే చూస్తాయి. కాబట్టి నోటీసు వస్తుందనే అనుకుని సిద్ధంగా ఉండండి.

ఛార్జ్‌షీట్ కాపీ చేతికి వచ్చాక మీ మీద 180 పెట్టారా లేదా, పోలీసులు తీసుకున్న స్టేట్‌మెంట్లలో తాళం గురించి మీ బావమరిది ఏం చెప్పాడు, ఈ రెండూ చూసి మళ్లీ రాయండి. కౌంటర్లో మీరు ఏం రాయాలన్నది ఆ రెండింటిని బట్టి మారుతుంది. పేర్లు, నంబర్లు మాత్రం కొట్టేసి పెట్టండి.